హొరేస్ చేసిన గిటారు క్యాబినెట్

బిల్‌స్టన్
22 జనవరి 1967

మేబెల్ అక్కకి,

నీ ఉత్తరానికి ఇన్నాళ్ళూ జవాబు రాయకపోవడానికి కారణం బద్ధకం. కాస్త పెద్దమనిషి తరహా కారణం ఏదైనా కల్పిద్దామని కూర్చున్నాను గానీ, ఆ బద్ధకం వల్లే అదీ కుదరలేదు.

ఇక్కడ వాన, పొగ, మళ్ళీ వాన. నా ఐవీ చనిపోయినప్పటి నుంచి నీకు నేను రాస్తున్నది ఇదొక్కటే. మీ విట్‌బీలో ఎవరైనా బిల్‌స్టన్ వాతావరణం మీద పుస్తకం రాయాలనుకుంటే నా ఉత్తరాలు చాలు. ఈసారి మాత్రం ఇంకో సంగతి ఉంది.

మా తాళాల కార్ఖానా వెనక క్లబ్బులో శనివారాలు వాయించే కుర్రాళ్ళ బృందం ఉంది కదా. అందులో గిటారు వాయించేవాడు పెళ్ళి చేసుకుని కెనడా వెళ్ళిపోయాడు. ఊరంతా వెతికి, ఎవరూ దొరక్క, చివరికి నా తలుపు కొట్టారు. వాళ్ళలో పెద్దవాడికి ఇరవై నాలుగేళ్ళు. నాకు యాభై ఒకటి, పైగా బట్టతల. సరే, బీరువా మీంచి గిటారు దింపి, దుమ్ము దులిపి, పోయిన శనివారం స్టేజి ఎక్కాను. ప్రాణం పెట్టి వాయించాను. ఒక్కరికీ వినపడలేదు. డ్రమ్ముల దగ్గర కూర్చునే క్లైవ్ వాటిని వాయించడు, వాటి మీద పగ తీర్చుకుంటాడు. ముందు బల్ల దగ్గర బీరు తాగుతున్న ముసలాయన మధ్యలో అడిగాడు: "ఏమయ్యా, ఇందాకట్నుంచీ ఆ చెక్కని గోకుతూనే ఉన్నావు, ఏం దురదయ్యా అది?" క్లబ్బు యాంప్లిఫయర్ గట్టిదే. ఆ బలమంతా బయటికి రావాలంటే మాత్రం పెద్ద స్పీకర్లు బిగించిన పెట్టె ఉండాలి. అది లేదు.

అందుకని అసలు విషయం: నేను క్యాబినెట్ చేస్తున్నాను. ముందు గదిలోనే. ప్లైవుడ్ వచ్చేసింది, సోఫాని గోడకి నెట్టేశాను. క్లబ్బులో డోరా అని ఒకావిడ ఉంది, దానికి కావలసిన గుడ్డ తనే కుట్టిపెడతానంది. నా వడ్రంగం సంగతి నీకు తెలుసు. చిన్నప్పుడు నేను చేసిన గూట్లోంచి కుందేలు, తలుపు తీయకుండానే, తీరిగ్గా నడుచుకుంటూ బయటికొచ్చింది. కాబట్టి నవ్వాలనుకుంటే ఇప్పుడే నవ్వెయ్యి.

నీ బద్ధకస్తుడు,
హొరేస్

విట్‌బీ
29 జనవరి 1967

ఒరేయ్ హొరేస్,

నీ ఉత్తరం పొయ్యి దగ్గర నిలబడి చదివాను. చేపలు మాడిపోయాయి. చలికాలం కాబట్టి బతికిపోయాను, ఎండాకాలమైతే గదులు అద్దెకి తీసుకుని ఇంటినిండా ఉన్న అతిథులు నన్ను వేపుకుతినేవాళ్ళు.

క్యాబినెట్! మా తమ్ముడు! ముందు గదిలో, పింగాణీ సామాను పెట్టుకోవడానికి! నేనెందుకు నవ్వుతానురా? కళ్ళు తుడుచుకున్నాను. ఒంటరి మగవాడు తన కోసం గాజు తలుపుల క్యాబినెట్ చేసుకోడు. ఉన్న ఒక్క కప్పూ కడిగి, బోర్లించి, మళ్ళీ దాన్లోనే తాగుతాడు. నువ్వు రెండేళ్ళుగా చేస్తున్నది అదేనని నాకు తెలియదనుకోకు.

డోరా ఎవరని నేను అడగను. నువ్వు చెప్పినప్పుడే వింటాను. అరల్లో పరిచే గుడ్డలు తానే కుట్టిపెడతానన్న మనిషి గయ్యాళి అయి ఉండదని మాత్రం నా మనసు చెబుతోంది. పైనుంచి చూస్తున్న ఐవీ కూడా ఏమీ అనుకోదు, నాకు నమ్మకం ఉంది.

అమ్మ గులాబీల టీ సెట్టు రైల్లో పంపుతున్నాను. క్యాబినెట్‌లో మధ్య అరలో పెట్టుకో, గదిలోకి రాగానే కనపడేలా. గడ్డిలో చుట్టాను, నెమ్మదిగా విప్పు. నీ చేతులు నాకు తెలుసు.

పట్టలేనంత సంతోషంతో,
మేబెల్

బిల్‌స్టన్
12 ఫిబ్రవరి 1967

అక్కా,

టీ సెట్టు క్షేమం. ఒక్క పెచ్చు కూడా లేవలేదు. ఎందుకు పంపావో నాకు అర్థం కాలేదు గానీ, ఒక్కో కప్పూ తీసి బల్ల మీద వరసగా పెట్టి చూసుకున్నాను. క్యాబినెట్‌లో మధ్య అరలో పెట్టుకోమన్న నీ హాస్యానికి మాత్రం నేనూ డోరా చాలాసేపు నవ్వాం. అందులో పెడితే మొదటి పాటకే పొడి అయిపోతాయి!

అయినా ఆ సెట్టు సమయానికి వచ్చింది. క్యాబినెట్ ముందు చెక్కకి పెద్ద గుండ్రటి కన్నాలు రెండు కొయ్యాలి. చేత్తో గీస్తే ఒకటి బంగాళాదుంపలా, ఇంకోటి పుట్టగొడుగులా వచ్చాయి. సెట్టులోని పెద్ద కేకు పళ్ళెం తీసి బోర్లించి చూద్దును కదా, కొలిచి చేయించినట్టుంది! అంచు చుట్టూ పెన్సిల్ తిప్పేసి కోసేశాను. అమ్మ ఆ పళ్ళేన్ని పాదిరిగారు వస్తేనే బయటికి తీసేది. ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చింది.

కన్నాల మీద గుడ్డ బిగిస్తాం. వెనక సగం చెక్క ఉండదు, గాలి ఆడాలట. గుడ్డ దగ్గర డోరాకీ నాకూ వాదన. నేను నల్లది కొన్నానంటాను, ఆవిడ "నలుపేంటయ్యా, వైను రంగు" అంటుంది. ఆడవాళ్ళకి రంగుల పేర్లు ఎక్కువ తెలుసు కాబట్టి ఊరుకున్నాను.

డోరా ఎవరని అడగనన్నావు గానీ చెప్పకుండా ఉండలేను. చాలా మంచి మనిషి. రోజూ సాయంత్రం మాంసం ఉండలు, బఠానీల కూర పట్టుకుని వస్తుంది. జిగురు ఆరేదాకా ఇద్దరం కబుర్లు చెప్పుకుంటాం. "తొందరపడకయ్యా, పట్టు కుదరాలంటే టైం ఇవ్వాలి" అంటుంది.

మార్చి పదకొండు, శనివారం ముహూర్తం పెట్టేశాం. క్లబ్బు హాల్లో, అందరి ముందూ. డోరా కొత్త గౌను కుట్టించుకుంటోంది. నేను ఇప్పట్నుంచే బూట్లకి పాలిష్ పెడుతున్నాను.

వేళ్ళన్నీ ఇంకా మిగిలే ఉన్న
హొరేస్

విట్‌బీ
19 ఫిబ్రవరి 1967

నాయనా హొరేస్,

క్లబ్బు హాల్లోనా? బీరు వాసనలోనా? చర్చికి ఏం వచ్చిందిరా? ఆవిడకి ఇదివరకు విడాకులేమైనా అయ్యాయా? ఉంటే దాచకు. నేను పాతకాలపు దాన్నే గానీ రాయిని కాదు. క్లబ్బులో అంటే క్లబ్బుకే వస్తాను. టోపీ కూడా కొన్నాను, నీలం రంగుది, పక్కన ఈక ఉంది. చర్చిలో ఆడవాళ్ళందరికీ చెప్పేశాను. అందరూ నిన్ను దీవించారు.

నువ్వు చేసే ఆ వస్తువు సంగతే నాకు నిద్ర లేకుండా చేస్తోంది. గాజు ఉండాల్సిన చోట గుడ్డ కొడితే లోపలి సామాను ఎవరికి కనపడుతుంది? పోనీ, ఆ రెండు కన్నాలెందుకు? పిల్లిని పెంచుతున్నారా? వెనక చెక్కే లేకపోతే కప్పులు వెనక్కి పడిపోవూ? గాలి ఆడాలా? కప్పులకి గాలెందుకురా? ఇదంతా డోరా ఆలోచనే అయితే, ఆవిడతో నేను ఒకసారి నెమ్మదిగా మాట్లాడాలి. నీ ఆలోచనే అయితే నువ్వు డాక్టరుతో మాట్లాడాలి.

అమ్మ పళ్ళెం మీద పెన్సిల్ గీత పడి ఉంటే సోడా పొడితో రుద్దు. గట్టిగా రుద్దకు.

ఏమీ అర్థం కాని
మేబెల్

బిల్‌స్టన్
24 ఫిబ్రవరి 1967

అక్కా, అక్కా, అక్కా,

నీ ఉత్తరం బస్సులో చదివాను. నవ్వి నవ్వి దగ్గొచ్చి, కండక్టరు బస్సాపి, "ఏం పెద్దాయనా, దిగి కాస్త గాలి పీల్చుకుంటావా?" అన్నాడు.

నేను పెళ్ళి చేసుకోవడం లేదు. పింగాణీ బీరువా చేయడం లేదు. గిటారుకి స్పీకర్లు బిగించే చెక్కపెట్టె చేస్తున్నాను. ఈ పనిలో ఉన్నవాళ్ళందరూ దాన్ని క్యాబినెట్ అంటారు. ఆ కన్నాలు స్పీకర్లకి. మూతపడిన డాన్సు హాల్లోంచి తెచ్చిన పాత స్పీకర్లు రెండు నా దగ్గరున్నాయి. వాటికి దుమ్ము తగలకుండా ముందు గుడ్డ. మార్చి పదకొండున ఆ పెట్టెతో మొదటిసారి వాయిస్తాను. మొదటి ఉత్తరంలోనే అంతా రాశానే!

డోరాకి డెబ్బై ఒకటి. డ్రమ్ముల క్లైవ్‌కి అమ్మమ్మ. నీ ఉత్తరం ఆవిడకి చదివి వినిపించాను. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మీ అక్కతో చెప్పు, అబ్బాయి తరఫువాళ్ళు వచ్చారు గానీ నేనింకా ఒప్పుకోలేదని. వీడి వంట తిన్నాక ఏ ఆడది ఒప్పుకుంటుంది?" అంది. క్లైవ్ అయితే నన్ను తాతయ్యా అని పిలవడం మొదలుపెట్టాడు.

పెళ్ళికాని పెళ్ళికొడుకు,
హొరేస్

విట్‌బీ
2 మార్చి 1967

హొరేస్,

ఉత్తరంలో గిటారు అన్న మాట కనపడితే ఆ పేరా వదిలేసి కింద పేరాకి వెళ్ళిపోతాను. ముప్పై ఏళ్ళుగా అదే అలవాటు. అందుకే ఇదంతా.

అయినా నా ఉత్తరం నువ్వు ఊళ్ళోవాళ్ళకి చదివి వినిపించి నవ్వించావంటే బాగోలేదు. నేనిక్కడ కనపడిన ప్రతివాళ్ళకీ, మా తమ్ముడు చేసుకుంటున్నది పెళ్ళి కాదండీ, చెక్కపెట్టె అని చెప్పుకుంటూ తిరగాలి. టోపీ వెనక్కి తీసుకోరట.

నీ పక్కన ఒక మనిషి ఉండబోతోంది కదా, వేళకి తింటావు కదా అనుకుని కొన్ని రోజులు హాయిగా నిద్రపోయాను. నాకు ఆ నిద్ర పోయిందనే బాధ, టోపీ గురించి కాదు.

టీ సెట్టు తిప్పి పంపకు. దారిలో పగులుతుంది.

మేబెల్

బిల్‌స్టన్
12 మార్చి 1967

అక్కా,

నువ్వు కోపంలో ఉన్నావని తెలుసు. నీ కోపం చల్లారే వార్తే ఇది. నిన్న నాకు తగిన శాస్తి జరిగింది.

పెట్టె చూడటానికి బాగుంది. నేను చేశానంటే ఎవరూ నమ్మలేదు. నలుగురం కలిసి స్టేజి మీదికి ఎక్కించాం. హాలు నిండిపోయింది. క్లైవ్ నాలుగు దెబ్బలు కొట్టాడు, నేను తీగ మీటాను. శబ్దం వచ్చింది. ఎలాంటి శబ్దమనుకున్నావు? సీసాలో పడ్డ కందిరీగ! లావు స్వరాలన్నీ ఎటో పోయాయి. సన్నటి గీ మనే కూత ఒక్కటే మిగిలింది. పెంచితే కందిరీగకి ఇంకా కోపం వచ్చిందే తప్ప లావెక్కలేదు. వెనక బల్లల దగ్గర ఎవడో చేత్తో గాల్లో దోమని కొట్టినట్టు కొట్టాడు. హాలంతా చప్పట్లు. నాకు కాదు, వాడికి.

మధ్యలో బింగో ఆట మొదలవగానే క్లబ్బు సెక్రటరీ ట్రాంటర్ నన్ను పక్కకి పిలిచాడు. మంచివాడే, మొహం చూడలేక నా చొక్కా గుండీలతో మాట్లాడాడు. "హొరేస్, వచ్చే శనివారం ఇంకొక్కసారి చూద్దాం. ఉల్వర్‌హాంప్టన్‌లో గిటారు వాయించే ఒక కుర్రాడున్నాడు. వాడి క్యాబినెట్ షాపులో కొన్నది. నీకు తెలుసుగా, కమిటీ..." అన్నాడు. తెలుసు అన్నాను.

ఇవాళ పొద్దున పెట్టె విప్పి చూశాను. ఎక్కడా తప్పు లేదు. స్పీకర్లతో పాటు దొరికిన కాగితంలో రాసినట్టే ఎర్ర తీగ ఎర్ర చుక్క వైపుకి, నల్ల తీగ చుక్క లేని వైపుకి. రెండు స్పీకర్లకీ నేనే దగ్గరుండి చూసి చూసి కలిపాను, ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు. కాబట్టి తప్పు పెట్టెలో లేదు, నా వేళ్ళలోనే ఉంది. యాభై ఒకటో ఏట అది తెలుసుకున్నాను. గిటారు మళ్ళీ బీరువా మీదికి ఎక్కించేస్తాను. శనివారం వెళ్ళను.

నీ ఉత్తరం చదివి నవ్వించినందుకు నన్ను క్షమించు. ఒక్క మాట చెప్పాలి. ఈ రెండు నెలలూ కార్ఖానా హూటర్ మోగగానే నాకు ఇంటికి పోవాలనిపించేది. అంతకుముందు, ఐవీ లేని ఇల్లు కదా, ఊరంతా చుట్టి వెళ్ళేవాణ్ణి.

హొరేస్

విట్‌బీ
14 మార్చి 1967

ఒరేయ్ తెలివితక్కువ దద్దమ్మా,

గిటారు ఉన్న పేరాలు కూడా చదివాను. మూడుసార్లు చదివాను. బల్ల మీద పిండి అలాగే వదిలేసి, చేతులు కడుక్కుని రాస్తున్నాను.

ఎరుపేదో నలుపేదో నువ్వే చూసి కలిపావా? నువ్వా? నాన్న అంత్యక్రియలకి నల్ల టై అనుకుని ముదురెరుపు టై కట్టుకొచ్చింది ఎవరు? పిన్ని మొహం మాడ్చుకుంటే, "నల్లదే కదా, అందరూ ఎందుకలా చూస్తున్నారు?" అని నన్నే అడిగావు. సైన్యంలో కంటి డాక్టరు నీకు ఏం చెప్పాడు? ఎరుపు నీ కళ్ళకి ఆననే ఆనదని చెప్పలేదూ? అది మర్చిపోవడం నీకే చెల్లింది. ఆ గుడ్డ నల్లది కాదని డోరా చెప్పినా వినలేదు నువ్వు!

నాకు స్పీకర్ల గురించి ఏమీ తెలియదు. తెలుసుకోవాలనీ లేదు. నీ కళ్ళ గురించి తెలుసు. వెంటనే డోరాని పిలిచి ఆ తీగలు చూపించు. ఆవిడ చూసి చెప్పేదాకా గిటారు బీరువా ఎక్కడానికి వీల్లేదు. శనివారం వెళ్ళు.

ఇది ఇప్పుడే పోస్టులో వెయ్యాలి. పిండి ఎండిపోతోంది.

మేబెల్

బిల్‌స్టన్
19 మార్చి 1967

అక్కా,

నిన్ను దేవుడు చల్లగా చూడాలి, నన్ను కళ్ళ డాక్టరు చూడాలి.

డోరా కళ్ళజోడు పెట్టుకుని, మోకాళ్ళ మీద వంగి పెట్టె వెనక తల దూర్చింది. "అయ్యో రాత! దీనికి సరిగ్గానే కలిపావు, దానికి తిరగేసి పెట్టావు కదయ్యా!" అంది. టార్చి బ్యాటరీ ఆనించి చూశాం. ఒక స్పీకర్ ముందుకు పొంగితే రెండోది వెనక్కి పోతోంది. ఒకటి తోసిన గాలిని ఇంకోటి లాగేసుకుంటోంది. ఆ రెండూ కలిసి చేసిన శబ్దమంతా పెట్టె ముందే ఒకదాన్నొకటి తినేసింది. హాలుకి మిగిలింది కందిరీగ.

తీగలు మార్చాం. అంటే డోరా మార్చింది. నన్ను దూరంగా కుర్చీలో కూర్చోమంది. తరవాత అన్నిటికంటే లావు తీగ ఒక్కసారి మీటాను. కిటికీ అద్దాలు జివ్వుమన్నాయి. డోరా ఉలిక్కిపడి గుండె మీద చెయ్యి వేసుకుని, "ఐవీ ఉంటే నిన్ను ఇంట్లోంచి తరిమేసేది" అంది. నిజమే. తరిమేసి, కిటికీ దగ్గర నిలబడి వినేది.

నిన్న శనివారం. మొదటి పాటలో క్లైవ్ అదిరిపడి నావైపు తిరిగి చూశాడు, దెబ్బ తప్పాడు. ఇన్నాళ్ళూ ఎవరికీ వినపడని నా తప్పులన్నీ ఇప్పుడు ఊరందరికీ శుభ్రంగా వినపడ్డాయి. వాయిస్తుంటే ప్యాంటు కాళ్ళ మీద రెపరెపలాడింది. ట్రాంటర్ పరుగెత్తుకొచ్చి, "కాస్త తగ్గించవయ్యా బాబూ, బార్లో ఎవడి మాటా ఎవడికీ వినపడ్డం లేదు!" అని అరిచాడు. నా జీవితంలో నన్ను ఇంతగా ఎవరూ పొగడలేదు. ఉల్వర్‌హాంప్టన్ కుర్రాడికి రావద్దని కబురు పెట్టారట.

ఏప్రిల్ ఎనిమిదిన మళ్ళీ వాయిస్తున్నాం. ఎండాకాలం అతిథులు రాకముందే నువ్వొకసారి రావాలి. పెళ్ళి లేకపోయినా టోపీ పెట్టుకుని రా. డోరా నిన్ను చూడాలంటోంది, తన సంబంధం చెడగొట్టిన మనిషిని చూడాలట.

నీ గుడ్డి తమ్ముడు,
హొరేస్

విట్‌బీ
11 ఏప్రిల్ 1967

తమ్ముడూ,

క్షేమంగా చేరాను. రైల్లో సందు లేదు. ఒక సైనికుడు లేచి చోటిచ్చాడు, నేను అంత ముసలిదానిలా కనపడ్డానని దారంతా బాధపడ్డాను. డోరా ఇచ్చిన పంది కొవ్వు వేపుడు దారిలో యార్క్ స్టేషన్ వచ్చేసరికే అయిపోయింది. ఆవిడ నాకు నచ్చింది. నువ్వు ఆవిడకి తగవు.

ఇల్లు నేను భయపడినంత చెత్తగా లేదు. మధ్యాహ్నం నువ్వు అమ్మ కప్పుల్లోనే టీ పోసిచ్చావు, ఏదో మామూలు రోజన్నట్టు, పాదిరి ఎవరూ లేకుండానే. అమ్మ చూస్తే మండిపడేది. నాకు బాగుంది.

ఇప్పుడొక విషయం రాస్తాను, ఎదురుగా చెప్పలేకపోయాను. రెండో పాటకి నేను హాల్లోంచి లేచి వెళ్ళిపోవడం నువ్వు స్టేజి మీంచి చూశావు. తరవాత అడిగావు కూడా. తలనొప్పి వచ్చింది, వంటగదిలో కూర్చున్నాను అన్నాను. నీ మొహం చిన్నబోయింది, పైకి నవ్వేశావు. అది అబద్ధంరా. లోపల నాకు ఆ చప్పుడు పళ్ళలోకి దిగిపోతోంది, భరించలేకపోయిన మాట నిజమే. కానీ వంటగదికి వెళ్ళలేదు. పక్క తలుపులోంచి బయటికి వెళ్ళి, సన్నటి వానలో, క్లబ్బు గోడ పక్కన నిలబడ్డాను. అక్కడ నాకు సరిపోయింది. గోడ అవతలి నుంచి వస్తుంటే ఏది నీ గిటారో, ఏది కాదో తెలిసింది. నువ్వు ఆ నెమ్మది పాట మొదలుపెట్టినప్పుడు ఇటుకల మీద అరచెయ్యి ఆనించాను. గోడ వణుకుతోంది. పడుకున్న పిల్లి వీపు మీద చెయ్యి వేస్తే ఉంటుందే, అలా. నువ్వు ఆపినప్పుడు ఆగేది, మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ వచ్చేది. ఐవీ పోయాక నీ దగ్గర్నుంచి వచ్చిన ఉత్తరాల్లో వాన తప్ప ఏమీ ఉండేది కాదు. నువ్వెలా ఉన్నావో నాకు తెలిసేది కాదు. ఆ గోడ దగ్గర తెలిసింది. ఆఖరి పాట అయ్యేదాకా అక్కడే ఉన్నాను.

మధ్యలో ఒకతను బయటికి వచ్చి, నన్ను చూసి, "ఏంటమ్మా, గోడ పడిపోతుందని పట్టుకున్నావా?" అని అడిగాడు.

"లేదు బాబూ, లోపల మా తమ్ముడున్నాడు" అన్నాను.

మీ అక్క,
మేబెల్